లాగ్ ఆగితే కాటా ఆగాలా? డేటాబేస్ లాగ్‌ను సొంత ప్రోగ్రాంకి మళ్లించే దారులు

నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో చిన్న సంస్థలకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చేవాళ్లకు తరచూ వినిపించే కోరిక ఒకటుంది. ఇందుకూరుపేట వైపో అల్లూరు వైపో రొయ్యలు కొనే షెడ్డు ఒకటి అనుకోండి. కాటా దగ్గర ఒక కంప్యూటర్, ఆఫీసు గదిలో రెండు, మూలన ఒక సర్వర్, దాని మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. రైతు పేరు, చెరువు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు), బరువు, రేటు, ఇచ్చిన అడ్వాన్సు అన్నీ అందులోకే ఎక్కుతాయి. ఒకరోజు యజమాని అంటాడు: "ఏదన్నా తేడా వస్తే మేం ఫోన్ చేసిందాకా నీకు తెలియడంలేదు గదబ్బయ్యా. మాకంటే ముందు నీకే తెలిసేటట్టు ఏదన్నా పెట్టు."

న్యాయమైన మాటే. డేటాబేస్ తన కష్టనష్టాలన్నీ లాగ్‌లో రాసుకుంటూనే ఉంటుంది. కనెక్షన్లు అయిపోయాయని రాస్తుంది, ఫలానా క్వెరీకి నాలుగు సెకన్లు పట్టిందని రాస్తుంది, డిస్క్‌లో చోటు లేదని రాస్తుంది. ఆ రాతను ఎవరూ చదవకపోవడమే సమస్య. కాబట్టి లాగ్‌ను నేరుగా మన ప్రోగ్రాంకి మళ్లించి, అది చదివి, అవసరమైనప్పుడు ఎస్సెమ్మెస్ పంపేలా చేస్తే పని అయిపోతుంది కదా అనిపిస్తుంది.

అందరికీ మొదట తట్టే దారి పైపు. పోస్ట్‌గ్రెస్ తన సందేశాలను మామూలుగా స్టాండర్డ్ ఎర్రర్ అనే ప్రవాహంలోకి వదులుతుంది. లినక్స్‌లో ఒక ప్రోగ్రాం ప్రవాహాన్ని ఇంకో ప్రోగ్రాంకి పైపు ద్వారా అందించడం ఒక గీత గీసినంత సులువు. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లోనే ఇలాంటి ఉదాహరణ ఉంది: పీజీ సీటీఎల్ అనే కమాండ్‌తో సర్వర్‌ను మొదలుపెట్టి, దాని అవుట్‌పుట్‌ను అపాచీ వెబ్ సర్వర్‌తో వచ్చే రొటేట్‌లాగ్స్ అనే ప్రోగ్రాంకి పైపు చేస్తే, ప్రతి 86400 సెకన్లకు, అంటే రోజుకో కొత్త ఫైలు తెరుచుకుంటుంది. రొటేట్‌లాగ్స్ ఉన్న చోట మన ప్రోగ్రాం పేరు పెడితే చాలు. టెస్టింగ్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది కూడా.

ఇప్పుడు నవంబరు నెలను తలుచుకోండి. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే కట్టలు తెగుతాయన్న భయంతో రైతులు తొందరపడి పట్టుబడికి, అంటే చెరువుల్లో రొయ్యలు పట్టడానికి, దిగుతారు. షెడ్డు ముందు బండ్లు బారులు తీరతాయి. అదే సమయంలో నెట్ పోతుంది. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయిన జిల్లా ఇది, నెట్ పోవడం ఇక్కడ ఊహించి చెప్పే విషయం కాదు. నెట్ లేకపోతే షెడ్డుకు నష్టమేమీ లేదు, సర్వర్ పక్క గదిలోనే ఉంది, లోపలి నెట్‌వర్క్ జనరేటర్ మీద నడుస్తోంది. కానీ మన ప్రోగ్రాం ఒక ఎస్సెమ్మెస్ పంపబోయి, అవతలి సర్వర్ జవాబు కోసం కాచుకుని కూర్చుంటుంది. టైమవుట్ పెట్టలేదు. అది కాచుకున్నంతసేపు పైపులోంచి చదవదు. పైపు నిండుతుంది. నిండిన పైపులోకి రాయబోయిన డేటాబేస్ ప్రాసెస్ అక్కడే ఆగిపోతుంది. కాటా మీద క్రేటు ఉంటుంది, తెర మీద బరువు కదలదు.

ఎక్కడో ఉన్న ఎస్సెమ్మెస్ గేట్‌వేకి, ఇక్కడి కాటాకి మధ్య మనమే ముడి వేశామన్నమాట. లాగ్ మళ్లింపు వ్యవహారమంతా ఈ ముడి చుట్టూనే తిరుగుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా అడగాల్సిన ప్రశ్న ఒకటే: చదివేవాడు వెనకబడినప్పుడు డేటాబేస్ ఆగాలా, లేక లాగ్‌లో కొన్ని మాటలు పోవాలా? రెండూ జరగకూడదు అనుకుంటే మధ్యలో నిలవ ఉంచే చోటు ఒకటి కావాలి, ఆ చోటుకీ ఒక హద్దు ఉంటుంది. ఏ సెట్టింగ్ వాడాలి అని మొదట అడిగేవాళ్లు ఈ ప్రశ్నను దాటేస్తారు. జవాబు మాత్రం ఆ సెట్టింగ్‌లోనే దాగి ఉంటుంది, తుపాను రోజున బయటపడుతుంది.

పైపు లోపల ఏం జరుగుతుంది

లినక్స్‌లో పైపు అంటే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) మెమరీలో చిన్న నిలవ స్థలం. మామూలుగా దాని సామర్థ్యం 64 కిలోబైట్లు. ఒక్కో లాగ్ వరుస సుమారు 200 బైట్లు అనుకుంటే మూడు వందల పైచిలుకు వరుసలకు నిండిపోతుంది. సందడిగా ఉన్న సర్వర్‌కు అది ఒక్క నిమిషం పని కూడా కాదు.

పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రత్యేక ప్రాసెస్ ఉంటుంది. అవన్నీ ఒకే పైపులోకి రాస్తాయి. పైపు నిండితే, ఆ క్షణంలో లాగ్ రాయాల్సి వచ్చిన ప్రాసెస్ రాత దగ్గరే నిలిచిపోతుంది. దాని చేతిలో ఏవైనా లాక్‌లు ఉంటే వాటి కోసం మిగతావీ ఆగుతాయి. ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీలో చూస్తే మొదట ఆగిన ప్రాసెస్ పనిలో ఉన్నట్టే కనిపిస్తుంది, లాక్ కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండదు. అందుకే అడ్మిన్ క్వెరీలను, ఇండెక్స్‌లను అనుమానిస్తూ గంటలు గడుపుతాడు గానీ లాగ్ వైపు చూడడు. ఒక ప్రాసెస్ కెర్నల్‌ను ఏం అడుగుతోందో చూపే ఎస్‌ట్రేస్ పెట్టి చూస్తే మాత్రం రెండో నంబరు డిస్క్రిప్టర్, అంటే స్టాండర్డ్ ఎర్రర్, మీద రైట్ కాల్ దగ్గర నిలబడి ఉండటం తేటగా కనబడుతుంది.

ప్రోగ్రాం ఆగిపోవడం కాకుండా చచ్చిపోతే పరిస్థితి ఇంకోలా ఉంటుంది. చదివేవాడు లేని పైపులోకి రాస్తే మామూలు ప్రోగ్రాంలు సిగ్‌పైప్ అనే సిగ్నల్‌తో చచ్చిపోతాయి. పోస్ట్‌గ్రెస్ ఆ సిగ్నల్‌ను పట్టించుకోదు, తన పని తాను చేసుకుపోతుంది. షెడ్డు బాగానే నడుస్తుంది. కానీ ఆ క్షణం నుంచి లాగ్ మొత్తం గాల్లో కలిసిపోతుంది, పోతున్నట్టు చెప్పే దిక్కు కూడా ఉండదు, ఎందుకంటే చెప్పాల్సిన దారే తెగిపోయింది. మన ప్రోగ్రాంను మళ్లీ మొదలుపెట్టినా ఆ పాత పైపుకు తగిలించలేం. డేటాబేస్‌నే రీస్టార్ట్ చేయాలి. ఆగిపోవడం కంటే ఇది నయమా, అధ్వానమా అన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. వ్యాపారం వైపు నుంచి చూస్తే నయం. ఆడిట్ వైపు నుంచి చూస్తే చాలా అధ్వానం.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పైపులోకి ఒకేసారి పలువురు రాసినప్పుడు, 4096 బైట్ల లోపు రాతలు మాత్రమే ఒకదానిలో ఒకటి కలవకుండా వస్తాయని లినక్స్ హామీ ఇస్తుంది. రిపోర్టుల కోసం రాసే క్వెరీలు ఆ హద్దును ఇట్టే దాటేస్తాయి. అలాంటి రెండు పెద్ద సందేశాలు ఒకేసారి వస్తే ఒకదాని మధ్యలో రెండోది దూరి, మన ప్రోగ్రాంకి కలగూరగంప అందుతుంది.

కలెక్టర్ చేసే పని

ఈ బాధలన్నీ తెలిసే పోస్ట్‌గ్రెస్ వాళ్లు లాగింగ్ కలెక్టర్ అనే సొంత ప్రాసెస్ పెట్టారు. అదీ పైపు ద్వారానే చదువుతుంది, కానీ లోపల ఒక చిన్న ఒప్పందం ఉంది. ప్రతి ప్రాసెస్ తన సందేశాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క నెత్తిన తన ప్రాసెస్ నంబరు, ముక్క పొడవు, ఇదే చివరి ముక్కా కాదా అన్న గుర్తు పెట్టి పంపుతుంది. కలెక్టర్ వాటిని విడదీసి, అతికించి, పూర్తి సందేశంగా ఫైలుకు ఎక్కిస్తుంది. కలిసిపోవడమన్న సమస్య అక్కడితో తీరింది.

కలెక్టర్ చచ్చిపోతే? ప్రధాన ప్రాసెస్ దాన్ని మళ్లీ లేపుతుంది. అంతవరకూ పైపు తెగదు, ఎందుకంటే ప్రధాన ప్రాసెస్ ఆ పైపు రెండు కొసలనూ తన దగ్గర తెరిచే ఉంచుకుంటుంది. కొత్త కలెక్టర్ వచ్చి పాతవాడు వదిలిన చోటు నుంచి చదువుతుంది. ఇంకో తెలివైన ఏర్పాటు: కలెక్టర్ ఆపు అనే సిగ్నళ్లను లక్ష్యపెట్టదు. పైపులోకి రాసేవాళ్లందరూ వెళ్లిపోయి ప్రవాహం పూర్తిగా ముగిసినప్పుడే తాను ఆగుతుంది. షట్‌డౌన్ సమయంలో వచ్చే చివరి సందేశాలే ఒక్కోసారి అన్నిటికన్నా ముఖ్యమైనవి గనక ఈ క్రమం కావాలి. పైపు నుంచి చదివే ప్రోగ్రాం ఎవరు రాసినా ఈ రెండు లక్షణాలూ కాపీ కొట్టాలి.

అయినా మన మొదటి ప్రశ్నకు కలెక్టర్ ఇచ్చే జవాబు ఏంటో గమనించండి. సందేశం పోకూడదన్నది దాని రూపకల్పన. విపరీతమైన ఒత్తిడిలో అది వెనకబడితే సర్వర్ ప్రాసెస్‌లు ఆగవచ్చని డాక్యుమెంటేషన్ దాపరికం లేకుండా చెబుతుంది. అంటే ఆగుతుంది గానీ వదలదు. ఐతే అది చేసే పని లోకల్ డిస్క్ మీద రాయడం ఒక్కటే, నెట్ కోసం ఎదురుచూడటం లేదు. కాబట్టి అది వెనకబడే రోజు చాలా అరుదు. నా దృష్టిలో చిన్న సంస్థలకు ఇదే సరైన బేరం.

కలెక్టర్‌ను ఆన్ చేయాలన్నా ఆఫ్ చేయాలన్నా సర్వర్‌ను రీస్టార్ట్ చేయాలి, రీలోడ్ సరిపోదు. డెబియన్, ఉబుంటు ప్యాకేజీల్లో కలెక్టర్ మొదట ఆఫ్‌లో ఉంటుంది, రెడ్ హ్యాట్ తరహా ప్యాకేజీల్లో ఆన్‌లో ఉంటుంది. మీ సర్వర్ ఏ కోవకు చెందిందో ముందు చూసుకోండి.

వదిలేసే దారులు

సిస్‌లాగ్ ఎదుటి పక్షం. లాగ్ డెస్టినేషన్‌ను సిస్‌లాగ్ అని పెడితే పోస్ట్‌గ్రెస్ సందేశాలు ఆపరేటింగ్ సిస్టం లాగ్ సర్వీసుకు పోతాయి. రాయలేనప్పుడు సందేశాన్ని వదిలేయడానికే సిస్‌లాగ్ మొగ్గు చూపుతుందని, దానివల్ల కొన్ని పోయినా మిగతా వ్యవస్థ ఆగదని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ రెంటికీ తేడా చెబుతుంది. ఆ లాగ్ సర్వీసుగా ఆర్‌సిస్‌లాగ్ వాడుతుంటే దానిలో ఓఎంప్రోగ్ అనే మాడ్యూల్ ఉంది. అది మన ప్రోగ్రాంను తానే నడిపి, సందేశాలను దాని ఇన్‌పుట్‌కు అందిస్తుంది, ప్రోగ్రాం చచ్చిపోతే మళ్లీ లేపుతుంది. "లాగ్‌ను సొంత ప్రోగ్రాంకి పంపడం" అన్న మాటకు సూటిగా సరిపోయే దారి ఇదే.

కానీ ఇక్కడా ఒక గొయ్యి ఉంది. ఓఎంప్రోగ్‌కు సొంత క్యూ (సందేశాలు వరసలో ఆగే చోటు) ఇవ్వకపోతే, ప్రోగ్రాం ఆగినప్పుడు ఆర్‌సిస్‌లాగ్ ప్రధాన క్యూ నిండుతుంది. అప్పుడు ఒక్క డేటాబేస్ లాగ్ కాదు, మొత్తం మెషీన్ లాగింగే స్తంభించి, సర్వర్‌లోకి లాగిన్ అవడం కూడా కష్టం కావచ్చు. ఆ యాక్షన్‌కు వేరే క్యూ పెట్టి, నిండితే డిస్క్ మీదకు మళ్లేలా, దానికీ ఒక హద్దు ఉండేలా రాయాలి. పైగా పోస్ట్‌గ్రెస్ పెద్ద సందేశాలను సిస్‌లాగ్‌కు పంపేటప్పుడు వరుసలవారీగా, 1024 బైట్లలో పట్టేలా ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు క్రమసంఖ్య తగిలిస్తుంది. వాటిని తిరిగి అతికించే పని మన ప్రోగ్రాంది. ఇంకో లోటు: బ్యాకప్ కోసం ఫైళ్లను దాచే ఆర్కైవ్ కమాండ్ లాంటి స్క్రిప్టులు ఉమ్మిన ఎర్రర్లు, లైబ్రరీ లోడ్ కాకపోతే వచ్చే సందేశాలు సిస్‌లాగ్‌లోకి రాకపోవచ్చు. అవి స్టాండర్డ్ ఎర్రర్‌లోకే పోతాయి. బ్యాకప్ రోజూ విఫలమవుతున్నా మీ అలర్ట్ ప్రోగ్రాంకి తెలియకపోవడం అంటే ఇదే.

లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి సొంత లాగ్ ఉంది, దాని పేరు జర్నల్. లాగ్ అందులోకి పోయేలా పెడితే రేటు హద్దు గుర్తుంచుకోవాలి. మామూలు సెట్టింగ్‌లో ఒక సర్వీసు 30 సెకన్లలో 10,000 సందేశాలు దాటితే మిగతావాటిని జర్నల్ పక్కన పడేసి, ఇన్ని వదిలేశానని ఒక వరుస రాస్తుంది. కనీసం ఆ మర్యాద ఉంది. డాకర్‌లో, అంటే కంటైనర్ అనే విడి డబ్బాలో, పోస్ట్‌గ్రెస్ నడిపేవాళ్లకు ఇదే ప్రశ్న ఇంకో పేరుతో ఎదురవుతుంది: లాగింగ్ మోడ్ బ్లాకింగా (ఆగేదా), నాన్ బ్లాకింగా (ఆగనిదా)? మామూలుగా బ్లాకింగ్. నాన్ బ్లాకింగ్ పెడితే ఒక మెగాబైట్ నిలవ దొరుకుతుంది, అది నిండితే సందేశాలు పోతాయి. కంటైనర్‌లో టైంజోన్ యూటీసీలో ఉండిపోయే అవకాశం ఎక్కువ, లాగ్ టైంజోన్‌ను ఆసియా కోల్‌కతాకు మార్చండి. లేదంటే తెల్లారుజాము పట్టుబడిలో వచ్చిన ఎర్రర్ నిన్న రాత్రి వచ్చినట్టు కనబడి, ఐదున్నర గంటల తేడా దగ్గర గంట వాదన నడుస్తుంది.

మిగతా రెండు దారుల గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే రెండూ వద్దనే నా సలహా. ఒకటి నేమ్డ్ పైపు: లాగ్ ఫైలు ఉండాల్సిన చోట పైపును పెట్టి, రెండో వైపు మన ప్రోగ్రాం చదవడం. చదివేవాడు తెరవకపోతే రాసేవాడు తెరిచే దగ్గరే ఆగిపోతాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఏది ముందు లేస్తుందన్న దాని మీద మీ డేటాబేస్ భవితవ్యం ఆధారపడుతుంది. రెండోది ఎమిట్ లాగ్ హుక్: 9.2 వెర్షన్ నుంచి ఉన్న సదుపాయం, సీ భాషలో ఎక్స్‌టెన్షన్ రాసి ప్రతి సందేశాన్నీ పుట్టిన చోటే పట్టుకోవచ్చు. శక్తిమంతమైనదే. కానీ ఆ కోడ్ ప్రతి డేటాబేస్ ప్రాసెస్ లోపల నడుస్తుంది. అందులో ఒక పాయింటర్ తప్పితే ఆ ప్రాసెస్ కూలుతుంది. ఒక ప్రాసెస్ అలా కూలితే పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంచి రికవరీకి పోతుంది. ఎస్సెమ్మెస్ కోసం అంత సాహసం అక్కర్లేదు.

మైసీక్వెల్ వాడేవాళ్లకు పేర్లు మారతాయి, ప్రశ్న మారదు. 8.0 నుంచి ఎర్రర్ లాగ్‌ను జేసన్ రూపంలోనో సిస్‌లాగ్‌కో పంపే భాగాలు విడిగా తగిలించుకోవచ్చు. స్లో క్వెరీ లాగ్‌ను ఫైలుకైనా టేబుల్‌కైనా పంపొచ్చు.

ఫైలు వెనకాల నడిచే ప్రోగ్రాం

నేను మొగ్గేది దీనికే. డేటాబేస్ తన కలెక్టర్‌తో తన ఫైలు తాను రాసుకుంటుంది. మన ప్రోగ్రాం ఆ ఫైలును వెనక నుంచి చదువుకుంటూ పోతుంది. ఇద్దరి మధ్యా పైపు లేదు, డిస్క్ ఉంది. మనది గంటసేపు ఆగినా, చచ్చినా, నెట్ కోసం రాత్రంతా పడిగాపులు కాసినా కాటా కదులుతూనే ఉంటుంది. తెల్లారి లేచి వదిలిన చోటు నుంచి చదువుకోవచ్చు. నిలవ స్థలం 64 కిలోబైట్ల నుంచి డిస్క్ అంతకు పెరిగిందన్నమాట.

అయితే వెనకాల నడవడం కనిపించినంత తేలిక కాదు. ఫైలు చివరి వరుసలను చూపుతూ పోయే టెయిల్ కమాండ్‌ను మన ప్రోగ్రాంకి పైపు చేస్తే ఆరంభం బాగుంటుంది. కానీ రీస్టార్ట్ అయినప్పుడు అది చివరి పది వరుసల నుంచి మొదలుపెడుతుంది. మధ్యలో వందలు పోయి ఉండొచ్చు, లేదా చదివినవే మళ్లీ రావొచ్చు. కాబట్టి ఏ ఫైలులో ఎన్ని బైట్ల దాకా చదివామో ప్రోగ్రామే రాసి పెట్టుకోవాలి. ఫ్లూయెంట్ బిట్ లాంటి సిద్ధంగా ఉన్న పరికరాలు ఈ లెక్కను చిన్న డేటాబేస్ ఫైలులో దాచుకుంటాయి. సొంతంగా రాయాల్సిన అవసరం నిజంగా ఉందా అని ఒకసారి ఆలోచించండి. వారానికోసారి నిదానమైన క్వెరీల రిపోర్టు మాత్రమే కావాలంటే లాగ్ ఫైలు చదివి రిపోర్టు తీసే పీజీబ్యాడ్జర్ చాలు, ఏమీ మళ్లించనక్కర్లేదు.

సొంతంగా రాసేటట్టయితే ఫైలు మారే తీరు తెలియాలి. కలెక్టర్ మామూలుగా 24 గంటలకు గానీ, 10 మెగాబైట్లు నిండినప్పుడు గానీ కొత్త ఫైలు తెరుస్తుంది, దాని పేరు వేరు. ఇప్పుడు ఏ ఫైలు నడుస్తోందో 10వ వెర్షన్ నుంచి డేటా డైరెక్టరీలోని కరెంట్ లాగ్‌ఫైల్స్ అనే చిన్న ఫైలు చెబుతుంది, లోపలి నుంచి అడగాలంటే అదే పని చేసే ఫంక్షన్ కూడా ఉంది. రెడ్ హ్యాట్ ప్యాకేజీలో వారం పేర్లతో ఏడు ఫైళ్లు తిరుగుతుంటాయి. వచ్చే సోమవారం ఈ సోమవారం ఫైలును ఖాళీ చేసి మళ్లీ మొదటి నుంచి రాస్తుంది. మనం 8 మెగాబైట్ల దాకా చదివామని గుర్తుపెట్టుకుని ఉంటే, ఫైలు హఠాత్తుగా 2 కిలోబైట్లే ఉంటుంది. గుర్తు కన్నా ఫైలు చిన్నదయితే సున్నా నుంచి మొదలుపెట్టాలి, ఈ ఒక్క షరతు మరిచిన ప్రోగ్రాంలు వారం తర్వాత మూగబోతాయి. డెబియన్‌లో పాత లాగ్‌లను పక్కకు తీసే లాగ్‌రొటేట్ అనే పరికరం ఫైలును కాపీ తీసి, అసలు దాన్ని అక్కడికక్కడే ఖాళీ చేస్తుంది. కాపీకి, ఖాళీకి మధ్య క్షణంలో పడిన వరుసలు రెండు చోట్లా ఉండవు.

చదివేటప్పుడు ఫైలు చివర సగం రాసిన వరుస కనబడొచ్చు. వరుస ముగింపు గుర్తు వచ్చేదాకా దాన్ని ముట్టుకోకూడదు. ఇక ఏ రూపంలో చదవాలన్న దాని గురించి: సీఎస్‌వీలో (కామాలతో విడదీసిన రూపం) కొటేషన్ల లోపల కొత్త వరుసలు ఉండొచ్చు. పది వరుసల క్వెరీ ఎర్రర్ ఇస్తే సీఎస్‌వీలో ఒకే రికార్డు పది వరుసలు ఆక్రమిస్తుంది, వరుసకో రికార్డు అనుకుని రాసిన ప్రోగ్రాం తల్లకిందులవుతుంది. 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి జేసన్ లాగ్ ఉంది. అందులో ఒక రికార్డు కచ్చితంగా ఒక వరుసే. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంకో ఆలోచనే వద్దు. రెండు రూపాల్లోనూ సెషన్ ఐడీ, ఆ సెషన్‌లో వరుస సంఖ్య ఉంటాయి. ఆ రెండూ కలిపి తాళంచెవిగా పెట్టుకుంటే చదివిందే మళ్లీ చదివినా రెండుసార్లు నమోదు కాదు.

ప్రోగ్రాం చేతికి వచ్చాక

ఏది అలర్ట్, ఏది కాదు అన్నది సందేశంలోని ఇంగ్లీషు మాటలను పట్టుకుని తేల్చకండి, వెర్షన్ మారితే మాటలు మారతాయి. ప్రతి ఎర్రర్‌కూ ఐదక్షరాల స్థిరమైన కోడ్ ఉంటుంది: 53300 అంటే కనెక్షన్లు అయిపోయాయి, 53100 అంటే డిస్క్ నిండింది, 40పీ01 అంటే డెడ్‌లాక్ (రెండు ప్రాసెస్‌లు ఒకదాని లాక్ కోసం ఒకటి ఆగిపోవడం), 28పీ01 అంటే తప్పు పాస్‌వర్డ్. మొదటి రెండూ అర్ధరాత్రయినా లేపాల్సినవి. డెడ్‌లాక్ పొద్దున చూసుకోవచ్చు. తప్పు పాస్‌వర్డ్ ఒకటి వస్తే గుమాస్తా, వందలు వస్తే దొంగ. ఒకే కోడ్ వందసార్లు వస్తే వంద మెసేజ్‌లు పోకుండా, నిమిషానికి ఒకటి, ఎన్నిసార్లు వచ్చిందో లెక్కతో పోవాలి. లేకపోతే రెండో రోజే యజమాని ఆ నంబరును మ్యూట్‌లో పెడతాడు.

చదివే పని, పంపే పని వేరుగా ఉంచండి. ఒకటి చదివి లోకల్‌గా రాసి పెడుతుంది, రెండోది తీరిగ్గా, టైమవుట్‌తో, నెట్ ఉన్నప్పుడు పంపుతుంది. మధ్య క్యూకి హద్దు ఉండాలి, నిండి వదిలేయాల్సి వస్తే ఎన్ని వదిలిందో రాయాలి.

లాగ్ వరుసలను అదే డేటాబేస్‌లో ఒక టేబుల్లో దాచుకుందాం అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ప్రతి క్వెరీనీ లాగ్ చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఏమవుతుందో చూడండి: ఒక వరుస చదివి ఇన్సర్ట్ చేస్తే, ఆ ఇన్సర్ట్ లాగ్‌లో ఇంకో వరుస పుట్టిస్తుంది, దాన్ని చదివి మళ్లీ ఇన్సర్ట్ చేస్తే ఇంకోటి. డిస్క్ నిండేదాకా ఇది ఆగదు. అదే డేటాబేస్‌లో పెట్టక తప్పదంటే ఆ పనికి ప్రత్యేకంగా ఒక రోల్ (డేటాబేస్ యూజర్) చేసి, ఆ రోల్‌కు మాత్రం క్వెరీ లాగింగ్‌ను ఆపేయండి. వీలైతే లాగ్ డైరెక్టరీని డేటా ఉన్న పార్టిషన్‌లో ఉంచకండి. లాగ్ నిండితే లాగ్ పోతుంది, ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే వ్యాల్ ఫైళ్లకు చోటు లేకపోతే డేటాబేసే పడిపోతుంది.

ఫోన్‌కి పోయే మెసేజ్‌లో ఏముందో కూడా చూసుకోవాలి. ఒకే ఫోన్ నంబరుతో రైతును రెండోసారి నమోదు చేయబోతే పోస్ట్‌గ్రెస్ 23505 ఎర్రర్ ఇస్తుంది, దాని వివరాల వరుసలో ఆ నంబరు ఉన్నదున్నట్టు ఉంటుంది. ఆధార్ కాలమ్ అయితే ఆధార్ నంబరే ఉంటుంది. దాన్ని యథాతథంగా వాట్సాప్ గ్రూపులోకి తోస్తే, లాగ్ ఫైలును ఇతరులు చదవకుండా 0600 అనుమతితో పోస్ట్‌గ్రెస్ తీసుకున్న జాగ్రత్త అంతా బూడిదలో పోసినట్టే. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. బయటికి కోడ్, సమయం, టేబుల్ పేరు వెళ్తే చాలు. వివరాల వరుస లాగ్‌లోకే రావద్దనుకుంటే ఎర్రర్ వెర్బాసిటీ అనే సెట్టింగ్‌ను టెర్స్‌కు (క్లుప్తానికి) తగ్గించొచ్చు, కానీ అప్పుడు మీకూ కనబడదు.

ఎన్నాళ్లు దాచాలి అన్నదానికీ ఒక లెక్క ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భద్రంగా ఉంచాలి. పైన చెప్పిన ఏడు ఫైళ్ల తిరుగుడు అంటే ఒక వారం. డెబియన్ లాగ్‌రొటేట్ మామూలుగా వారానికోసారి చొప్పున పది ఉంచుతుంది, అంటే 70 రోజులు. రెండూ చాలవు. మన ప్రోగ్రాం ఎలాగూ ప్రతి వరుసా చదువుతోంది గనక, కుదించి వేరే మెషీన్ మీద దాచే పని కూడా దానికే అప్పజెప్పొచ్చు. దీనివల్ల ఇంకో లాభం: కలెక్టర్ రాసిన ప్రతి వరుసనూ వెంటనే డిస్క్‌లోకి బలవంతంగా దింపదు, హఠాత్తుగా కరెంటు పోతే చివరి కొన్ని క్షణాల లాగ్ మెమరీలోనే పోవచ్చు. ఏం జరిగిందో చెప్పాల్సింది సరిగ్గా ఆ క్షణాలే. ఇంకో మెషీన్‌కు అప్పటికే చేరి ఉంటే అవి దక్కుతాయి.

షెడ్డుకు అప్పగించే ముందు మూడు పరీక్షలు పెట్టండి. రద్దీ లేని మధ్యాహ్నం చాలు. మొదట లాగ్ బాగా వచ్చేలా అన్ని క్వెరీలనూ లాగ్ చేసే సెట్టింగ్ ఆన్ చేసి, మన ప్రోగ్రాంకి స్టాప్ సిగ్నల్ ఇచ్చి స్తంభింపజేయండి, చంపొద్దు. పావుగంట కాటా ఎంట్రీలు వేయించండి. ఒక్క ఎంట్రీ ఆలస్యమైనా ఎక్కడో పైపు మిగిలి ఉందని అర్థం. తర్వాత కంటిన్యూ సిగ్నల్ ఇచ్చి, మధ్యలో వచ్చినవన్నీ అందాయో లేదో వరుస సంఖ్యలతో సరిచూడండి. రెండోసారి ప్రోగ్రాంను నైన్ నంబరు సిగ్నల్‌తో చంపి, దాన్ని మళ్లీ లేపి, పోయినవి, రెండుసార్లు వచ్చినవి లెక్కపెట్టండి. మూడోసారి రౌటర్ నుంచి బయటి నెట్ కేబుల్ మాత్రం పీకి, తప్పు పాస్‌వర్డ్‌తో పదేపదే లాగిన్ ప్రయత్నించండి. కేబుల్ తిరిగి పెట్టాక ఫోన్‌కి రావాల్సింది ఒకే మెసేజ్, అందులో మొత్తం ఎన్నిసార్లో, మొదటిది ఎన్ని గంటలకో ఉండాలి. వరసగా మెసేజ్‌ల వాన కురిస్తే గుంపు కట్టే కోడ్‌ను మళ్లీ చూడండి. అసలేమీ రాకపోతే పంపే క్యూ మెమరీలో ఉందో డిస్క్ మీద ఉందో చూడండి. పరీక్షలయ్యాక అన్ని క్వెరీల లాగింగ్‌ను ఆపేసి, అర సెకను దాటిన క్వెరీలను మాత్రమే రాసేలా మార్చి, లాగ్ ఫైలు రోజుకు ఎంత పెరుగుతోందో వారంపాటు గమనించండి. 180 రోజులకు ఎంత డిస్క్ కొనమనాలో యజమానికి ఆ లెక్కతో చెప్పొచ్చు.